స్పానిష్‌లో ‘ఫల్తార్’ వాడటం ఎలా: తక్కువైంది, ఇంకా ఉంది, రాలేదు అన్నిటికీ ఒకటే క్రియ

బెంగళూరులో స్పానిష్ క్లాసులకి వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది ఒక చోట ఆగిపోతారు. ‘ఉంది’, ‘నా దగ్గర ఉంది’, ‘కావాలి’ ఇవన్నీ గబగబా వచ్చేస్తాయి, కానీ ‘ఐదొందలు తక్కువైంది’, ‘ఒక పేపర్ ఇంకా రావాలి’, ‘ఇంకా పది నిమిషాలుంది’, ‘వాడు ఇవాళ రాలేదు’ అనాల్సి వచ్చేసరికి నోరు పెగలదు. ఈ నాలుగింటికీ స్పానిష్ వాళ్లు వాడేది ఒకటే క్రియ, ఫల్తార్. అది కష్టమైన క్రియ కాదు, రూపాలన్నీ మామూలు రూల్ ప్రకారమే నడుస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే క్లాసు ఇంగ్లిష్‌లో జరుగుతుంది, పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది, అందుకని ముందు తలలో ఇంగ్లిష్ వాక్యం కట్టుకుని దాన్ని స్పానిష్‌లోకి తిప్పుతారు, అక్కడ కర్త ఎవరో కర్మ ఎవరో మొత్తం తలకిందులైపోతుంది. నేను గట్టిగా చెప్పేదేంటంటే ఈ క్రియ దగ్గర ఇంగ్లిష్ దారి పట్టొద్దు, తెలుగులో నుంచి నేరుగా వెళ్లండి, చాలావరకు దారి సాఫీగానే ఉంటుంది. సాఫీగా లేని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి, అవి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు పలకడం చూసుకుందాం, ఇది రెండు నిమిషాల పని. స్పానిష్ ‘త’ మన ‘త’నే, నాలుక పళ్లకి తగలాలి, ‘ట’ అనొద్దు, కాబట్టి ‘ఫాల్టా’ కాదు ‘ఫాల్త’. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు ఈ ‘త’ కోసం తంటాలు పడతారు, మనకి పుట్టుకతో వచ్చేసింది. ఇక్కడ నేను రాసేటప్పుడు ఎక్కడ దీర్ఘం పెట్టానో అక్కడ కాస్త ఒత్తి పలకండి, మిగతావి పొట్టిగా వదిలేయండి. ఫల్తార్ అన్నప్పుడు ఒత్తు చివర, ఫాల్త అన్నప్పుడు మొదట. ఇది ఎందుకు చెప్తున్నానంటే ‘ఫాల్తొ’ అంటే ‘నేను లేను’, ‘ఫల్తో’ అంటే ‘తక్కువైంది’ లేదా ‘వాడు రాలేదు’, తేడా అంతా ఒత్తు ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టే.

ఇప్పుడు మొదటి అసలు పని. ‘నాకు’తో మొదలయ్యే తెలుగు వాక్యం ఒకటి తీసుకోండి. మడివాలలో శుక్రవారం రాత్రి కడప బస్సు ఎక్కడానికి బయల్దేరుతున్నారు, బ్యాగ్ సర్దుతూ చూస్కుంటే చార్జర్ లేదు, టికెట్‌కి డబ్బులు లెక్కపెడితే ఐదొందలు తక్కువైంది. ‘నాకు ఐదొందలు తక్కువైంది’ అంటాం కదా, ఈ వాక్యంలో ‘నేను’ ఎక్కడా లేదు చూడండి, తక్కువైంది డబ్బులు, ఎవరికి తక్కువైంది అంటే నాకు. స్పానిష్‌లోనూ అచ్చం అంతే. ‘నాకు’ అంటే ‘మె’, ‘తక్కువ’ పని చేసేది ‘ఫాల్త’, తర్వాత వస్తువు పేరు. ‘మె ఫాల్త ఎల్ కర్గదోర్’, నాకు చార్జర్ తక్కువైంది, అంటే సర్దుకున్న సామాన్లలో చార్జర్ కనపడట్లేదు. నీకు అయితే ‘తె ఫాల్త’, అతనికి, ఆమెకి, మర్యాదగా మీకు అన్నా ‘లె ఫాల్త’, మాకు ‘నొస్ ఫాల్త’, వాళ్లకి ‘లెస్ ఫాల్త’. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుని ‘మీకు’ అనడానికి ‘ఒస్ ఫాల్త’ అని ఇంకోటి ఉంది, లాటిన్ అమెరికాలో దాని బదులు కూడా ‘లెస్’ అనేస్తారు, మీ క్లయింట్లు మెక్సికోనో కొలంబియానో అయితే ఈ ‘ఒస్’ని పక్కన పెట్టేయొచ్చు.

కన్నడ కూడా వచ్చినవాళ్లకి ఇంకా ఈజీ, ‘ననగె బేకు’ అన్నప్పుడు ఆ ‘ననగె’ ఏం చేస్తుందో (నాకు కావాలి అన్నప్పటి ‘నాకు’) ఇక్కడ ‘మె’ అదే చేస్తుంది. నాకు ఆకలి, నాకు తెలుసు, నాకు జ్వరం అంటూ రోజంతా ఇలాంటి వాక్యాల్లోనే బతుకుతున్నాం, కాబట్టి ‘కర్త ఎక్కడ’ అని భయపడాల్సిన అవసరమే లేదు.

రెండో పని, ఒకటా ఎక్కువా చూడటం. వస్తువు ఒకటైతే ‘ఫాల్త’, ఒకటి కన్నా ఎక్కువైతే ‘ఫాల్తన్’. మీరు ఎంతమంది అన్నదానితో దీనికి సంబంధం లేదు, తక్కువైన వస్తువులు ఎన్ని అన్నదే లెక్క. ‘నొస్ ఫాల్త ఊన సీయ’ అంటే మాకు ఒక కుర్చీ తక్కువైంది, మేము పదిమంది ఉన్నా సరే ‘ఫాల్త’నే. ‘మె ఫాల్తన్ దోస్ లీబ్రొస్’ అంటే నాకు రెండు పుస్తకాలు తక్కువయ్యాయి, నేను ఒక్కడినే అయినా ‘ఫాల్తన్’. డబ్బుకి వచ్చేసరికి మాత్రం కొంచెం జాగ్రత్త, మనం ‘ఐదొందలు తక్కువైంది’ అని ఏకవచనంలో అనేస్తాం, స్పానిష్‌లో ఐదొందల రూపాయలు బహువచనమే, ‘మె ఫాల్తన్ కిన్యేంతస్ రూప్యస్’. ఊరికే ‘డబ్బులు తక్కువయ్యాయి’ అనాలంటే అక్కడ ‘దినేరొ’ ఏకవచనం, ‘మె ఫాల్త దినేరొ’. మనం డబ్బుని ఎప్పుడూ ‘డబ్బులు’ అంటాం కాబట్టి నోటికి ‘ఫాల్తన్ దినేరొ’ వచ్చేస్తుంది, దాన్ని మొదట్లోనే ఆపాలి.

ఇంకో చిన్న విషయం, మనిషి పేరు చెప్పినా ‘లె’ని వదలకూడదు. ‘రవికి రెండు సంతకాలు తక్కువయ్యాయి’ అని మనం ఒక్కసారి ‘కి’ పెట్టి వదిలేస్తాం, స్పానిష్ వాళ్లు మన ‘కి’ పని చేసే ‘ఆ’ని పేరు ముందు పెట్టి ‘ఆ రవి’ అని చెప్పాక మళ్లీ ‘లె’ కూడా అంటారు, ‘ఆ రవి లె ఫాల్తన్ దోస్ ఫీర్మస్’. ‘రవికి అతనికి’ అని రెండుసార్లు అన్నట్టు ఉంటుంది, అయినా వాళ్లకి అది తప్పనిసరి, ‘లె’ లేకపోతే వాక్యం విరిగిపోయినట్టు వినిపిస్తుంది. మనుషులకే కాదు వస్తువులకీ ఇదే. సాంబారులో ఉప్పు తక్కువైంది అనుకోండి, ‘అల్ సాంబార్ లె ఫాల్త సాల్’, సాంబారుకి ఉప్పు తక్కువ. ‘సాంబారులో’ అని కాకుండా ‘సాంబారుకి’ అని మొదలుపెడితే ఈ వాక్యం దానంతట అదే వస్తుంది. దోసెకి ఇంకొంచెం కాలాలి, కూరకి కారం చాల్లేదు, ఫామ్‌కి ఫోటో అతికించలేదు, అన్నీ ఈ పద్ధతే.

సాంబారు దగ్గరే ఇంకో సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగు దారి మనల్ని పక్కకి లాగేసే చోటు ఇదే. మన ‘లేదు’ మరీ పెద్ద మాట, అన్నీ దాంట్లో పడిపోతాయి. ‘ఉప్పు లేదు’ అన్నామంటే డబ్బా ఖాళీ అయిందా, సాంబారులో వేయడం మర్చిపోయారా, వేశారు గానీ చాల్లేదా, మన దగ్గర సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, స్పానిష్‌లో మాట మారుతుంది. ఇంట్లో ఉప్పే లేదు అంటే ‘నొ ఆయ్ సాల్’. సాంబారులో అసలు ఉప్పు పడలేదు అంటే ‘నొ త్యేనె సాల్’. వేశారు గానీ ఇంకా పడాలి అంటే ‘లె ఫాల్త సాల్’. ఫల్తార్ వాడాలంటే మనసులో ఒక పూర్తి లెక్క ఉండాలి, ఇంత ఉండాలి అని, ఆ లెక్కకి ఎంత తగ్గిందో అది చెప్పే క్రియ ఇది. అందుకే తెలుగులో ‘లేదు’ అనుకున్న ప్రతిసారీ ఒక్క సెకను ఆగి దాన్ని ‘తక్కువైంది’ అని మార్చి చూడండి, అర్థం చెడకపోతే ఫల్తార్ పెట్టండి, చెడితే ‘నొ ఆయ్’ వైపో ‘నొ త్యేనె’ వైపో వెళ్లండి.

స్పానిష్ మాట్లాడే చోట్ల పిల్లలు ఫుట్‌బాల్ వరల్డ్ కప్ స్టిక్కర్ ఆల్బమ్‌లు నింపుకుంటూ ‘క్వాల్ తె ఫాల్త?’ అని అడుక్కుంటారు, నీకు ఏది తక్కువైంది అని. ‘మె ఫాల్త మేస్సి’ అంటే ఆల్బమ్‌లో మెస్సీ గడి ఇంకా ఖాళీగా ఉందని. 2022 వరల్డ్ కప్ ముందు అర్జెంటీనాలో ఈ స్టిక్కర్లకి ఎంత కరువొచ్చిందంటే ఆ సెప్టెంబర్‌లో ప్రభుత్వ వాణిజ్య విభాగం వాళ్లే దుకాణాల వాళ్లతో, తయారీ కంపెనీతో కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. ఆల్బమ్‌లో ఎన్ని గడులు ఉండాలో ముందే తెలుసు, అందుకే అక్కడ ఈ క్రియ అంత సహజంగా వస్తుంది.

ఇదే క్రియ ఎంత బరువు మోయగలదో కూడా తెలియాలి. మెక్సికోలో గెరేరో రాష్ట్రంలో, 2014 సెప్టెంబర్ 26 రాత్రి, అయోత్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు 43 మంది ఇగ్వాలా ఊళ్లో మాయమైపోయారు. ఆ తర్వాత దేశమంతా ఊరేగింపుల్లో పట్టుకున్న ప్లకార్డుల మీద ‘నొస్ ఫాల్తన్ 43’ అని ఉండేది. మాకు నలభై ముగ్గురు తక్కువయ్యారు. చనిపోయారు అనలేదు, పోయారు అనలేదు, మా లెక్కలో ఉండాల్సిన నలభై ముగ్గురు లేరు, వాళ్లు మాకు కావాలి అన్నారు. మెక్సికో వాళ్లతో పని చేసేవాళ్లు ఈ వాక్యాన్ని గుర్తుపట్టగలగాలి, దీన్ని పేరడీ చేసి ఆఫీసు చాట్‌లో వాడకూడదు కూడా.

మూడో పని టైమ్, దూరం. రోజుకి నాలుగైదు సార్లు నోరు తిప్పుకునే అవకాశం ఇక్కడే ఉంది, బెంగళూరు ట్రాఫిక్ మనకి ఆ సదుపాయం బాగానే కల్పించింది. ‘క్వాంతొ ఫాల్త?’ అంటే ఇంకా ఎంత, అంతే, రెండు మాటలు. ఆటోలో కన్నడలో ‘ఇన్నూ ఎష్టు దూర ఇదె’ అని అడుగుతామే, ఆ ప్రశ్న మొత్తం ఇందులో ఇమిడిపోయింది. జవాబు ‘ఫాల్త మూచొ’ అంటే ఇంకా చాలా ఉంది, ‘య ఫాల్త పోకొ’ అంటే వచ్చేశాం, ఇంకొంచెమే. చేరడానికి ఎంత అని విడమరిచి చెప్పాలంటే ‘క్వాంతొ ఫాల్త పర యెగార్?’

టైమ్‌లో మన తెలుగు రెండు రకాలుగా పోతుంది. ‘పరీక్షకి ఇంకా వారం ఉంది’ అన్నప్పుడు ‘ఉంది’ అంటాం, ఇది చూసి ‘ఆయ్’ పెట్టకండి, స్పానిష్‌లో ‘ఫాల్త ఊన సెమాన పర ఎల్ ఎక్సామెన్’, పరీక్షకి వారం తక్కువ. కానీ గడియారం చూసి చెప్పేటప్పుడు మన పెద్దవాళ్లు ‘ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ’ అంటారు చూడండి, అది లాటిన్ అమెరికా వాళ్ల మాటకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ‘ఫాల్తన్ ద్యేస్ పర లస్ ఓచొ’. స్పెయిన్‌లో దీన్నే ‘సోన్ లస్ ఓచొ మేనొస్ ద్యేస్’ అంటారు, అదీ తక్కువ లెక్కే, క్రియ వేరు. కాబట్టి సూత్రం ఏంటంటే ‘ఇంకా ఇంత టైమ్ ఉంది’ అనే ప్రతి తెలుగు వాక్యాన్నీ ముందు ‘ఇంత తక్కువ’ అని తిప్పుకోండి, తర్వాత స్పానిష్. ఉగాదికి ఇంకా రెండు వారాలుంది, ‘ఫాల్తన్ దోస్ సెమానస్ పర ఉగాది’. జీతం పడటానికి ఇంకా మూడు రోజులుంది, ‘ఫాల్తన్ త్రేస్ దీయస్’. ఇక్కడ ‘మె’ అక్కర్లేదు, టైమ్ అందరికీ ఒకటే కదా.

మెట్రోలో ప్రాక్టీస్ చేయడం అన్నిటికన్నా బాగుంటుంది. పర్పుల్ లైన్‌లో ఎంజీ రోడ్ నుంచి మెజెస్టిక్ వెళ్తున్నారనుకోండి. తలుపులు మూసుకోగానే మనసులో ‘ఫాల్తన్ క్వాత్రొ ఎస్తస్యోనెస్’, ఇంకా నాలుగు స్టేషన్లు. కబ్బన్ పార్క్ వచ్చింది, ‘ఫాల్తన్ త్రేస్’. విధానసౌధ, ‘ఫాల్తన్ దోస్’. సర్ విశ్వేశ్వరయ్య స్టేషన్ రాగానే ఒక్కటే మిగిలింది, ఇక్కడ క్రియ మారాలి, ‘ఫాల్త ఊన’. నాలుక ‘ఫాల్తన్’కి అలవాటు పడిపోయి ఉంటుంది, ఆ ఒక్క స్టేషన్ దగ్గర మార్చగలిగితే ఏకవచనం బహువచనం గొడవ మీకు తీరిపోయినట్టే. తిరుగు ప్రయాణంలో కూడా చేయండి, వైట్‌ఫీల్డ్ దాకా పోయేవాళ్లకి అంకెలు కూడా వచ్చేస్తాయి.

తర్వాత, చేయాల్సిన పనులు. వస్తువు బదులు పని పెట్టాలంటే క్రియ మూల రూపాన్ని వెనక తగిలిస్తే చాలు. ‘మె ఫాల్త పగార్ ఎల్ అల్కిలేర్’ అంటే నేను ఇంకా అద్దె కట్టాలి, నాకు అద్దె కట్టడం ఒకటి మిగిలింది. ‘ఫాల్త కొంప్రార్ లేచె’ పాలు కొనాలి. ఇందులో ఒక చిక్కు ఉంది, ‘రెండు చాప్టర్లు చదవాలి’ అనాలంటే ‘మె ఫాల్త లెయేర్ దోస్ కపీతులొస్’, చాప్టర్లు రెండైనా ‘ఫాల్త’నే, ఎందుకంటే మిగిలింది చదవడం అనే ఒక పని. కానీ మధ్యలో ‘పొర్’ పెట్టి తిప్పి రాస్తే, ‘మె ఫాల్తన్ దోస్ కపీతులొస్ పొర్ లెయేర్’, అప్పుడు మిగిలినవి చాప్టర్లు కాబట్టి ‘ఫాల్తన్’. రెండూ కరెక్టే. ఇంకొకళ్లు చేయాల్సిన పని మిగిలితే ‘ఫాల్త కె’ అని మొదలుపెట్టి సబ్‌జంక్టివ్ (ఇంకా జరగని పనికి వాడే క్రియ రూపం) వాడాలి, ‘ఫాల్త కె ఫీర్మె ఎల్ హెరేంతె’, మేనేజర్ సంతకం పెట్టడం ఒక్కటే ఆలస్యం. సబ్‌జంక్టివ్ ఇంకా రానివాళ్లు ‘ఫాల్త ల ఫీర్మ దెల్ హెరేంతె’, మేనేజర్ సంతకం తక్కువైంది అని నామవాచకంతో గట్టెక్కేయొచ్చు.

ఆఫీసు మెయిల్స్‌కి ఇది బాగా పనికొస్తుంది, కాస్త మర్యాద చూసుకోవాలి అంతే. వెండర్ ఇన్‌వాయిస్ పంపాడు, సంతకం లేదు, బ్యాంక్ వివరాలు లేవు. ‘ఆ ఉస్తేద్ లె ఫాల్త ల ఫీర్మ’ అని రాస్తే వ్యాకరణం కరెక్టే, కానీ ‘మీరు సంతకం పెట్టలేదు’ అని వేలు చూపించినట్టు అనిపించొచ్చు. ‘నొస్ ఫాల్త ల ఫీర్మ’, మాకు సంతకం ఒకటి తక్కువైంది అని మన మీద వేసుకోండి, లేకపోతే ఎవరి పేరూ లేకుండా ‘ఫాల్తన్ లొస్ దాతొస్ బంకార్యొస్’ అని వదిలేయండి. మన ఊళ్లో పెద్దవాళ్లతో ‘మీరు ఇవ్వలేదు’ అనకుండా ‘ఇంకా రావాల్సి ఉందండీ’ అంటామే, అదే మర్యాద. తేదీ ఖరారు కాకపోతే ‘ఫాల్త పొర్ కొంఫిర్మార్ ల ఫేచ’.

ఇప్పుడు మనుషులు రాకపోవడం. ఇక్కడ ‘నాకు’ సూత్రం పనిచేయదు, ఇక్కడ మనిషే కర్త. మీటింగ్ మొదలవుతోంది, ‘క్యేన్ ఫాల్త?’ ఎవరు రాలేదు? ‘ఫాల్త మార్త’, మార్త రావాలి. ‘ఫాల్త ఆల్గ్యెన్?’ ఎవరైనా రావాల్సి ఉందా? ‘నొ ఫాల్త నాద్యె’, అందరూ వచ్చేశారు. చూడండి ఇందులో ‘నొ’, ‘నాద్యె’ రెండు కాదులు ఉన్నాయి, తెలుగులో ‘ఎవరూ రాకుండా లేరు’ అని లెక్కేస్తూ కూర్చోకండి, స్పానిష్‌లో అది ఒక్క కాదే. క్లాసుకి, పనికి, మీటింగ్‌కి ఎగ్గొట్టారు అని చెప్పాలంటే ఆ చోటు ముందు ‘ఆ’ పెట్టాలి, మన ‘కి’ లాగే, ‘ఫల్తో ఆ క్లాసె’ క్లాసుకి రాలేదు, ‘ఫల్తో అల్ త్రబాహొ’ పనికి రాలేదు, ‘ఫల్తే ఆ ల రెఉన్యోన్’ నేను మీటింగ్‌కి రాలేదు. హాజరుపట్టీలో గైర్హాజరీ కూడా ‘ఫాల్త’నే, నామవాచకంగా. ఫుట్‌బాల్‌లో ఫౌల్ కూడా అదే మాట, బెంగళూరు ఎఫ్‌సీకి ఆల్బెర్ట్ రోకా, కార్లెస్ క్వాద్రాత్ లాంటి స్పెయిన్ కోచ్‌లు పనిచేశారు, కంఠీరవ స్టేడియంకి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఈ అర్థం ఇట్టే గుర్తుంటుంది.

జాగ్రత్తగా ఉండాల్సింది ‘ఫాల్తొ’, ‘మె ఫాల్త’ ఈ రెండిటి దగ్గర. హోటల్లో ఆరుగురు కూర్చున్నారు, ఐదుగురు ఏం కావాలో చెప్పేశారు, ‘క్యేన్ ఫాల్త పొర్ పెదీర్?’, ఇంకా ఎవరు చెప్పాలి అంటే ‘ఫాల్తొ యొ’, నేనే మిగిలా. నువ్వు మిగిలావు అంటే ‘ఫాల్తస్ తు’. అందరికీ ఇడ్లీ వచ్చింది, మీ ప్లేట్‌లో వడ రాలేదు, అప్పుడు ‘మె ఫాల్త ఎల్ వడ’. మొదటిదాంట్లో లెక్కలో తక్కువైంది మీరు, రెండోదాంట్లో మీకు తక్కువైంది వడ. ఈ ఒక్క టేబుల్ గుర్తుపెట్టుకుంటే చాలు, ఎక్కడా తికమక పడరు.

చుట్టుపక్కల క్రియలు మూడున్నాయి, వీటితో కలిపేసుకుంటే అర్థాలు తిరగబడతాయి. కెదార్ అంటే చేతిలో మిగలడం. ‘మె కేదన్ కిన్యేంతస్ రూప్యస్’ నా దగ్గర ఐదొందలు మిగిలాయి, ‘మె ఫాల్తన్ కిన్యేంతస్ రూప్యస్’ నాకు ఐదొందలు తక్కువయ్యాయి, ఒకటి జేబులో ఉన్నది, ఇంకోటి జేబులో లేనిది. తెలుగులో ‘ఇంకా రెండు మిగిలాయి’ అంటే చేయాల్సినవి మిగిలాయో తినడానికి మిగిలాయో రెండూ రావచ్చు, అందుకే మనకి ఇక్కడ పొరపాటు ఎక్కువ. టైమ్ విషయంలో మాత్రం ‘కేదన్ దోస్ దీయస్’, ‘ఫాల్తన్ దోస్ దీయస్’ రెండూ దాదాపు ఒకటే, ఎందుకంటే చేతిలో ఉన్న టైమూ గమ్యానికి ఉన్న దూరమూ ఒకటే. సొబ్రార్ దీనికి పూర్తి వ్యతిరేకం, ఎక్కువై మిగలడం, ‘సోబ్రన్ దోస్ సీయస్’ రెండు కుర్చీలు ఎక్కువయ్యాయి.

మూడోది ‘అసేర్ ఫాల్త’, ఇదే పెద్ద గండం, ఎందుకంటే ఇందులోనూ ఫాల్త ఉంది. దీని అర్థం కావాలి, అవసరం. ‘మె ఫాల్త ఉన్ దొకుమేంతొ’ అంటే ఐదు పేపర్లు ఇవ్వాలి, నాలుగున్నాయి, ఒకటి తక్కువైంది. ‘మె ఆసె ఫాల్త ఉన్ దొకుమేంతొ’ అంటే నాకు ఒక పేపర్ అవసరం. రెండూ పక్కపక్కనే తిరుగుతాయి, చాలాసార్లు ఒకదాని చోట ఇంకోటి చెల్లుతుంది కూడా, కానీ వ్యాకరణంలో ఒక తేడా ఉంది, ఇక్కడ మారేది ‘ఆసె’, ‘ఫాల్త’ కదలదు. రెండు కుర్చీలు కావాలంటే ‘మె ఆసెన్ ఫాల్త దోస్ సీయస్’. దీంట్లో రోజూ పనికొచ్చేది ‘నొ ఆసె ఫాల్త’, అక్కర్లేదండీ. కవర్ కావాలా అని షాపులో అడిగితే, బిల్లు ప్రింట్ కావాలా అంటే, ఇది చాలు. ఇక ‘మె ఆసెస్ ఫాల్త’ అంటే లాటిన్ అమెరికాలో ‘నువ్వు లేక వెలితిగా ఉంది’ అని, ఇష్టమైనవాళ్లతో అనే మాట, క్లయింట్ కాల్‌లో ‘మీ సహాయం కావాలి’ అనబోయి దీన్ని వాడేయకండి, అక్కడ ‘నొస్ ఆసె ఫాల్త సు అయూద’ అనాలి, మీ సహాయం అవసరం అని.

కాలాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అయిపోయిన సంగతికి ‘ఫల్తో’, ‘ఫల్తారొన్’, ‘నొస్ ఫల్తో త్యేంపొ’ మాకు టైమ్ సరిపోలేదు. అప్పటికి ఇంకా నడుస్తున్న సంగతికి ‘ఫల్తాబ’, ‘ఫల్తాబన్’, ‘ఫల్తాబన్ సీంకొ మినూతొస్’, అప్పటికింకా ఐదు నిమిషాలుంది. ముందు ముందు అయితే ‘బ ఆ ఫల్తార్’.

ఇక పలుకుబళ్లు, ఇవి నేర్చుకోవడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మన నోట్లో ఉన్న మాటలే అటువైపు నుంచి వినిపిస్తాయి. వాన, ట్రాఫిక్, వీటి మీద ఆఫీసులో ఇంటర్నెట్ కూడా పోయింది, మనం ‘ఇదొక్కటే తక్కువైంది!’ అంటాం, వాళ్లు ‘లొ కె ఫల్తాబ!’ అంటారు, లేదా ‘సోలొ ఫల్తాబ ఏసొ!’ విసుగు కూడా అదే పాళ్లలో ఉంటుంది. కాస్త తిక్క మనిషిని మనం స్క్రూ లూజు అంటాం, వాళ్లు ‘లె ఫాల్త ఉన్ తొర్నీయొ’, వాడికి ఒక స్క్రూ తక్కువ. తప్పకుండా వస్తాను అనడానికి ‘సిన్ ఫాల్త’, ‘మన్యాన సిన్ ఫాల్త’ రేపు తప్పకుండా. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు వాళ్లకీ ఒకటుంది, మెక్సికోలో ‘ఆ ఫాల్త దె పాన్, తొర్తీయస్’, రొట్టె లేనప్పుడు తొర్తీయాలే (చపాతీ లాంటివి) గతి. ‘నొ ఫల్తాబ మాస్’ మాత్రం మాటలు చూసి అర్థం చేసుకోలేం, ఎవరైనా థాంక్స్ చెప్తేనో, సాయం అడిగితేనో ‘అయ్యో, దానికేముంది, తప్పకుండా’ అన్న అర్థంలో అంటారు.

పెళ్లికి పిలుస్తూ ‘తప్పక రావాలి’ అన్నట్టు ‘నొ ఫాల్తెస్’ అంటే రాకుండా ఉండకు అని ఆప్యాయత. దానికే తోక తగిలి ‘నొ మె ఫాల్తెస్ అల్ రెస్పేతొ’ అయిందంటే ‘మర్యాద తప్పకు’ అని గట్టి వార్నింగ్. ‘ఫల్తో ఆ సు పలాబ్ర’ అంటే మాట తప్పాడు. అంటే గౌరవం, మాట, వాగ్దానం లాంటి వాటితో వచ్చినప్పుడు ఇది రాకపోవడం కాదు, తప్పడం. వినేటప్పుడు ‘ఫల్తో ఆ’ తర్వాత ఏ మాట వచ్చిందో తెలిసేదాకా ఆగండి, క్లాసా పలాబ్రా, దాన్ని బట్టే ఊరికే గైర్హాజరా లేక గొడవా తేలుతుంది.

ప్రాక్టీస్ ఎలా అంటే, వారం పాటు ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడు తలుపు దగ్గర నిలబడి ‘కె మె ఫాల్త?’, నాకేం తక్కువైంది అని అడుక్కోండి, ఫోన్, తాళాలు, ఐడీ కార్డు, టిఫిన్ బాక్స్ తడుముకుంటూ లేనిదానికి ‘మె ఫాల్త’, రెండు లేకపోతే ‘మె ఫాల్తన్’. రోడ్డు మీద ‘క్వాంతొ ఫాల్త?’, ఆఫీసులో టీమ్ కాల్ మొదలయ్యేటప్పుడు ‘క్యేన్ ఫాల్త?’, రాత్రి పడుకునేముందు మిగిలిపోయిన పనులకి ‘మె ఫాల్త’ పెట్టి పని పేరు. గ్రూపుగా నేర్చుకుంటుంటే ఒకళ్లు తెలుగులో ‘లేదు’ ఉన్న వాక్యం ఇవ్వండి, రెండోవాళ్లు అది ‘నొ ఆయ్’ ఆ, ‘నొ త్యేనె’ ఆ, ‘ఫాల్త’నా ముందు తేల్చి ఆ తర్వాతే స్పానిష్‌లో చెప్పాలి. ఫ్రిజ్‌లో పాలు లేదు, ఈ టీలో చక్కెర లేదు, రవి ఇవాళ ఆఫీసులో లేడు, నా దగ్గర చిల్లర లేదు, ఈ నాలుగుతో మొదలుపెట్టండి, ఇందులో రవి ఒక్కడు మాత్రం రెండు రకాలుగా వస్తాడు, సీటులో లేడు అంతే అయితే ‘నొ ఎస్తా’, రావాల్సినవాడు రాలేదు అంటే ‘ఫాల్త’.